పొట్లం కట్టే ముందు పుచ్చుకొనేవారిని అడగండి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలోని మధ్యతరగతి కుటుంబాలలో ఈమధ్య ఒక మంచి అలవాటు వ్యాపిస్తున్నది. పూర్వం ఒకే బడిలో చదువుకొన్నవారు, ఒకే కార్యాలయంలో పనిచేసి బదిలీల వలన విడిపోయినవారు ఎనిమిది పదిమంది జట్టుగా కూడి, తమ ఇళ్ళలో తయారు చేసిన తినుబండారాలను, తమ ప్రాంతపు ధాన్యాలను తపాలా పార్సెలు ద్వారా ఒకరికొకరు పంపుకొంటున్నారు. నెలకొక ఇంటివారు వంతు తీసుకొంటారు. ఇక్కడి పొట్లం కోనసీమకు వెళ్తుంది. అక్కడి నుండి ఒకటి పాలమూరుకు, పాలమూరు నుండి విశాఖకు వెళ్తుంది. కొన్నాళ్ళకు మన గుమ్మం ముందుకు ఒకటి వస్తుంది. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. నా వద్దకు చికిత్సకు వచ్చే కుటుంబాలలోనే ఇటువంటి జట్లలో చేరినవి అరడజను వరకు కలవు. ఈ పొట్లాలలో వచ్చినవి తినవచ్చునా అని వారు నన్ను అడుగుతుంటారు. ఒక్కమాటలో చెప్పగల జవాబు లేదు గాని, నా అభిప్రాయం మాత్రం స్పష్టంగానే ఉన్నది. ఈ ఆచారం నిలవదగినది, పెరగదగినది. అయితే ఇప్పుడు పంపేవారు తమ ఇంట్లో ఏది గొప్పగా కుదురుతుందో చూసుకొంటున్నారు గాని, దానిని తినబోయేవారు ఎవరో విచారించడం లేదు. అందువలన పొట్లాలలో మూడువంతులు మిఠాయిలే ఉంటున్నవి.

తినుబండారాలను దూరపు ఇంటికి పంపడం మనకు కొత్త కాదు. ఆడపిల్లను అత్తవారింటికి సాగనంపేటప్పుడు చలిమిడి, అరిసెలు, సున్నివుండలు సారెగా పెట్టడం తెలుగునాట ఎల్లచోట్లా ఉన్నదే. గంపలకు గంపలు వెళ్ళేవి. అంత తీపి ఆనాడు ఎవరికీ చేటు చేయలేదే అని కొందరు నన్ను నిలదీస్తారు. వారు ఒక సంగతి మరచిపోతున్నారు. సారె వచ్చిన ఇంటివారు దానిని ఇంట్లో దాచుకొని తినలేదు. వీధి వీధంతా పంచారు. గంపెడు అరిసెలలో ఇంటివారికి మిగిలేవి పిల్లవానికి రెండు, పెద్దవారికి ఒకటి. ఇప్పుడు రెండు కిలోల డబ్బా వస్తుంది. ఇంట్లో ఉండేది ముగ్గురు. పైఅంతస్తువారి పేరు కూడా తెలియదు. ఆ రెండు కిలోలు ఆ ముగ్గురే, పాడైపోతుందన్న తొందరలో, వారం రోజులలో ముగిస్తారు.

పంపే సదుపాయం కూడా నేడు చాలా పెరిగినది. 1972 ఆగస్టు 15న మన తపాలాశాఖ ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టినది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా అని తెలిసినప్పుడు, సంస్కృతం మీదనే బ్రతికిన నాబోటివాడికి కాస్త గర్వంగా ఉంటుంది. 2020 నవంబరు నుండి శబరిమల ప్రసాదాన్ని తపాలాశాఖవారు స్పీడ్ పోస్టులో దేశమంతటికీ అందించసాగారు. 2022 శ్రీరామనవమికి భద్రాచలం తలంబ్రాలను తెలంగాణ ఆర్.టి.సి. వారు తమ కార్గో ద్వారా ఇళ్ళకు చేర్చారు. శబరిమల అరవణను పరిశీలిస్తే వైద్యునికి ఒక విషయం స్ఫురిస్తుంది. బియ్యం, బెల్లం, నెయ్యి కలిపి నీటిపాలు బాగా తగ్గేవరకు వండిన పదార్థమది. మన లేహ్యాల పాకవిధానమూ ఇటువంటిదే. అందుకే అది ప్రయాణానికి ఓర్చుకొంటుంది. దారిలో చెడదు గనుక అది అందరి ఒంటికీ సరిపడుతుందని మాత్రం అనుకోరాదు. నిలవ ఉండడం వేరు, హితమైనది కావడం వేరు.

ఈ భేదం ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఒక కుటుంబపు సంగతి వ్రాస్తాను. ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసే ఒక గృహస్థు నిరుడు కార్తికమాసంలో నా వద్దకు వచ్చారు. వయస్సు యాభై దాటినది. కుడికాలి బొటనవేలి పక్కన పుండు ఆరు వారాలుగా మానడం లేదు. మధుమేహం ఉన్నట్లు చాలాకాలంగా తెలుసు; మాత్రలు వేసుకొంటున్నారు. పరీక్ష కాగితం చూస్తే పరగడుపున రక్తంలో చక్కెర 280 ఉన్నది. కాలిపుండు ఉన్న మధుమేహరోగికి పసరుమందు కట్టి ఇంటికి పంపడం వైద్యం అనిపించుకోదు గనుక, వారిని ఆనాడే ఆసుపత్రికి వెళ్ళమని చెప్పి, ఆ తరువాత ఆహార విషయం అడిగాను. ఆయన అన్నీ పథ్యంగానే తింటున్నానన్నారు. పక్కన కూర్చున్న ఇల్లాలు కొంతసేపు ఊరుకొని, కోనసీమలోని స్నేహితుని ఇంటి నుండి నెలకో రెండు నెలలకో వచ్చే పొట్లం సంగతి చెప్పింది. పూతరేకులు, కాజాలు, సున్నివుండలు. "చిన్నప్పటి స్నేహితుడు అంత ప్రేమగా పంపిస్తే పారేస్తామా సామీ?" అన్నది. వీరు వారికి పంపుతున్నవి ఏమిటని అడిగాను. నువ్వులుండలు, చెనిక్కాయల పాకం ఉండలు.

మిఠాయి మానమని ఆయనకు అంతకుముందే ఎందరో చెప్పి ఉంటారు. నేను వేరే మాట చెప్పాను. కాలిపుండు సంగతి దాచకుండా ఆ స్నేహితునికి ఒక ఉత్తరం వ్రాయమన్నాను. ఆయనకు ఇష్టం లేకపోయినా వ్రాశారు. పదిరోజులలో జవాబు వచ్చింది. ఆ కోనసీమ స్నేహితునికి కూడా ఆరేళ్ళుగా మధుమేహమే. ఇక్కడి నుండి వచ్చే ఉండలను వద్దనడానికి నోరు రాక, తానూ తింటూ, బదులుగా పూతరేకులు పంపుతూ వచ్చారట. రెండు ఇళ్ళవారు సంవత్సరంపాటు తమకు పనికిరానిదానినే ప్రేమతో ఒకరికొకరు పంపుకొన్నారన్నమాట. ఇప్పుడు అక్కడి నుండి బూడిదగుమ్మడి వడియాలు, మునగాకు పొడి వస్తున్నవి. ఇక్కడి నుండి ఆరికల బియ్యం, ఉలవపొడి వెళ్తున్నవి. పుండు మానింది. అది ఆసుపత్రి చికిత్స వలన మానింది. పొట్లాలు మారడం వలన అని నేను చెప్పను. కాని ఆ డబ్బాలు అట్లాగే వస్తూ ఉంటే ఎంత మంచి మందైనా ఎదురీదవలసి వచ్చేది.

ఇక్కడ బెల్లం గురించి కొంత విపులంగా చెప్పాలి. హిందూపురం బెల్లపు మార్కెట్టుకు పేరుమోసిన ఊరు. చక్కెర చెరుపు, బెల్లం మేలు అన్న మాట మన పత్రికలలో తరచుగా వస్తుంటుంది. ఆరోగ్యవంతుని విషయంలో అది కొంతవరకు నిజమే. ఏడాది నిలవ ఉన్న పాతబెల్లం పథ్యమని, కొత్తబెల్లం కఫాన్ని, క్రిములను పెంచుతుందని మన నిఘంటువులు చెబుతున్నవి. అయితే మధుమేహం విషయంలో చరకసంహితకు ఏ సందేహమూ లేదు. చికిత్సాస్థానం ఆరవ అధ్యాయంలో ప్రమేహ కారణాలను చెబుతూ, సుఖంగా కూర్చుండిపోవడం, అతినిద్ర, పెరుగు, కొత్తధాన్యం వీటితోపాటు బెల్లంతో చేసిన వికారాలను, అంటే బెల్లపు పిండివంటలను, పేర్కొన్నారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని తెల్లవారినది మొదలు దీపాలవేళ వరకు కూర్చునే నేతగాడి వృత్తిలోనే మొదటి కారణం ఉన్నది. దానికి పొట్లంలో చివరి కారణాన్ని జతచేసి పంపుతున్నాము. "చక్కెర కాదండీ, బెల్లంతో చేసినవి" అని డబ్బా మీద వ్రాసి పంపేవారు ఈ సంగతి గమనించాలి.

ఆహారాన్ని పరీక్షించడానికి చరకుడు విమానస్థానం మొదటి అధ్యాయంలో ఎనిమిది అంశాలు చెప్పాడు: పదార్థపు సహజగుణం, దానికి చేసిన సంస్కారం, ఇతర పదార్థాలతో కలయిక, పరిమాణం, దేశం, కాలం, తినే నియమం, తినే మనిషి. మా గురువుగారు ఈ ఎనిమిదింటిని వల్లె వేయించేటప్పుడు చివరిదాని వద్ద ఆగి, తినేవాడు లేకుండా మిగిలిన ఏడూ వంటపుస్తకమేనని అనేవారు. తపాలా పొట్లం కట్టేవారికి ఈ ఎనిమిదీ అవసరమే. మొదటి మూడూ ఇల్లాండ్రకు నేను చెప్పవలసిన పని లేదు. తక్కినవాటి గురించి నాలుగు మాటలు వ్రాస్తాను.

దేశం అన్నచోట ఒక ఆక్షేపణ వస్తుంది. ఏ దేశంలో పుట్టినవానికి ఆ దేశంలో పండినదే హితమని ఆయుర్వేదం చెబుతుండగా, కోనసీమ తిండి అనంతపురం సీమవారికి, ఇక్కడిది అక్కడివారికి పంపడం శాస్త్రవిరుద్ధం కాదా అని ఒక విద్యావంతుడైన పాఠకుడు అడిగాడు. మంచి ప్రశ్న. అయితే అదే శాస్త్రంలో రెండవ సూత్రం ఒకటి ఉన్నది. నివసించే ప్రదేశపు గుణాలకు వ్యతిరేకమైన గుణాలు గల ఆహారం ఆ ప్రదేశవాసులకు సాత్మ్యమని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. నీటిలో మునిగి తేలే కోనసీమ ఆనూపదేశం. అక్కడ కఫం హెచ్చు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో సరిపెట్టుకొనే మన పాత అనంతపురం జిల్లా జాంగలదేశం. ఇక్కడ వాతం హెచ్చు. కాబట్టి మన రూక్షమైన చిరుధాన్యాలు, ఉలవలు అక్కడి కఫాన్ని అణచగలవు. అక్కడి స్నిగ్ధమైన కొబ్బరి, నువ్వులనూనె వంటకాలు ఇక్కడి వాతానికి మేలు చేయగలవు. స్థానికమైనది నిత్యాహారంగా ఉండాలి, పొట్లంలో వచ్చినది దానికి సవరణగా ఉండాలి. నేను ఈ రెండు సూత్రాలను ఇట్లా సమన్వయం చేసుకొంటాను. పొరుగుసీమ తిండినే రోజూ తినదలచుకొన్నవాడు మొదటి సూత్రాన్ని కాదంటున్నాడు.

అలవాటు బలం కూడా తక్కువది కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత ఆ ప్రాంతానికి పరరాష్ట్రాల యువకులు, కొరియా దేశీయులు వచ్చి చేరారు. కొరియా వంటల భోజనశాలలు కూడా వెలిశాయి. పులియబెట్టిన క్యాబేజీ లేకపోతే వారికి ముద్ద దిగదట. మనకు నవ్వు వస్తుంది. కాని మన పిల్లలు అమెరికాకు ఆవకాయ జాడీలు మోసుకొని వెళ్ళడంలో ఉన్నదీ అదే ఓకసాత్మ్యం. ఆ యువకుల తల్లులు పంపే పొట్లాలను నేను తప్పుపట్టను. ఇంటికి దూరమైనవానికి ఇంటి తిండి ఔషధమే.

మరి మన వైపు నుండి పంపదగినవి ఏవి? ఆరికలు, సామలు, కొర్రలు, రాగులు, ఉలవలు, అలసందలు, ఎండబెట్టిన అనుములు, చింతపండు. వీటిని చెప్పగానే ముఖం చిట్లించేవారున్నారు; కూలివాడి తిండిని స్నేహితుడికి పంపడం ఏమి గౌరవమని. ప్రమేహరోగికి పథ్యంగా ప్రాచీనులు చెప్పిన శ్యామాకం, కోద్రవం మన సామలు, ఆరికలే. కరువుసీమ అని మనం చిన్నబుచ్చుకొనే నేల, ఇవాళ దేశమంతా వెతుకుతున్న పథ్యాన్ని పండిస్తున్నది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడానికి ఎంతో ముందే, ధర్మవరానికీ పెనుకొండకూ నడుమ చెన్నేకొత్తపల్లి వద్ద 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వారు ఈ మెట్టపంటలను కాపాడే పని చేపట్టారు. వారి ప్రోత్సాహంతో 2008లో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం చిరుధాన్యాలను, వేరుశనగను కొని శుద్ధిచేసి అమ్ముతున్నది. పొలం లేని పట్టణవాసులకు కూడా అసలైన సరుకు దొరకడం ఇప్పుడు కష్టం కాదు.

చిరుధాన్యాలను అమృతమని పొగడడం కూడా నాకు నచ్చదు. అవి రూక్షాలు, వాతాన్ని పెంచుతాయి. సన్నగా, ఎండినట్లు ఉండి మలబద్ధకంతో బాధపడేవారు నెయ్యి, మజ్జిగ లేకుండా వాటిని తింటే కడుపుబ్బరం, నిద్రలేమి కలుగుతాయి. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నదని నేటి పోషకాహార శాస్త్రం చెబుతున్నది. అందుచేత పెరిగే పిల్లలకు, బాలింతలకు రాగిపిండి పంపవచ్చు. అయినా మధుమేహరోగి రాగిజావను లోటాలకు లోటాలు త్రాగితే చక్కెర పెరుగక మానదు. ఉలవలు ఉష్ణవీర్యం, కఫవాతాలకు, మూత్రంలో రాళ్ళకు మంచివి. పిత్తప్రకృతి వారికి, ముక్కువెంట రక్తం కారేవారికి, గర్భవతులకు ఉలవపొడి పంపకండి.

కాలం విషయానికి వస్తే, శార్ఙ్గధర సంహితలో ఔషధాల వీర్యం ఎంతకాలం నిలుస్తుందో చెప్పి ఉన్నది. చూర్ణాలకు రెండు నెలలు, మాత్రలకు, లేహ్యాలకు ఒక సంవత్సరం. నన్నడిగితే మన వంటింటి పొడులకు కూడా రెండు నెలలే గడువు. కందిపొడి, కరివేపాకు పొడి, పప్పుల పొడి ఈ గడువును తట్టుకొంటాయి. నూనె ఎక్కువగా ఉన్న చెనిక్కాయల పొడి, వెర్రినువ్వుల పొడి, ఎండుకొబ్బరి పొడి అంతకాలం నిలవవు. ఎండాకాలంలో మూడు వారాలకే చమురు కంపు కొడతాయి. అన్నింటికంటె త్వరగా చెడేది సజ్జపిండి. విసరిన వారానికే చేదెక్కుతుంది. కనుక సజ్జలు పంపదలచినవారు గింజలుగానే పంపి, విసరుకొనే శ్రమ అందుకొనేవారికే వదలాలి. కొర్రబియ్యం కూడా పొట్టుతో ఉన్నంత కాలం నిలిచి, దంచిన తరువాత త్వరగా కమరు వాసన పడుతుంది. ఓళిగలు, తాజా పితికిపప్పు, పచ్చికొబ్బరి వేసినవి తపాలాకు పనికిరావు. రోహిణికార్తెలో కొత్తబెల్లం, నెయ్యి పంపితే పక్కవారి ఉత్తరాలు కూడా జిడ్డవుతాయి. ఊరగాయ పంపక తప్పదనుకొంటే, బిగువైన మూతగల సీసాను మరొక డబ్బాలో పెట్టి, నడుమ రంపపు పొట్టు కూరండి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్న ఇంటికి మాత్రం పంపకండి.

బూజు గురించి ఉపేక్ష పనికిరాదు. మన జిల్లా వేరుశనగకు ప్రసిద్ధి. కోతవేళ వాన తగిలి, సరిగా ఎండని కాయలో బూజు పుడుతుంది. అందులోని విషం వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని చెరుస్తుంది. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ ఉపద్రవాన్ని పరిశోధించి కారణం బూజు విషమని తేల్చారు. ఆరికలకు కూడా ఇటువంటి గండమున్నది. మత్తెక్కించే కోద్రవాన్ని మన పూర్వులు మదనకోద్రవమని వేరే పేరుతోనే పిలిచారు. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు బూజుపట్టిన ఆరికల పైరు మేసి చనిపోయాయి. ఏనుగుకే దిక్కులేనప్పుడు మనమెంత? రంగు మారిన, ముడుచుకొన్న, ముక్కవాసన వేసే గింజలను ఏరి పారవేయండి. వానాకాలంలో ధాన్యాన్ని రెండు రోజులు గట్టి ఎండలో పెట్టి, చల్లారిన తరువాతనే సంచికి ఎత్తండి. వేడి ధాన్యాన్ని మూటకడితే లోపల చెమ్మ పుట్టి, మూడవనాటికి పొట్లం దారిలోనే చెడిపోతుంది. చెనిక్కాయలు సరిపడని పిల్లలు కొందరుంటారు; పెదవులు వాచి ఊపిరి ఆడని స్థితి వస్తుంది. ఆ ఇంట్లో అటువంటివారున్నారేమో ముందే కనుక్కోవాలి. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించకూడదని నేటి వైద్యులు చెప్పేమాటను నేనూ పాటిస్తాను. కొండతేనె పంపేవారు ఆ మాట సీసా మీద వ్రాయాలి.

పరిమాణం గురించి వాగ్భటుడు చెప్పినది అందరికీ తెలుసు. కడుపులో రెండు భాగాలు అన్నానికి, ఒక భాగం ద్రవానికి, ఒక భాగం వాయువుకు. గురుపదార్థమైతే సగం తృప్తితో ఆపాలి. పొట్లానికి కూడా నేను ఒక కొలత పెడతాను. ఏ పదార్థమైనా అరకిలోకు మించరాదు. మిఠాయి అయితే ఇంట్లో మనిషికి ఒకటి చొప్పున లెక్కపెట్టి పంపాలి. ఎనిమిది అరిసెలు పంపితే ఏమనుకొంటారో అని బెంగపడేవారు, ఎనభై పంపితే వారి ఒళ్ళు ఏమవుతుందో ఆలోచించాలి.

ఈ కొలతకు ఇంకొక కారణమున్నది. జట్లలో పేర్లన్నీ పురుషులవి. రోకలి మాత్రం స్త్రీలది. పెనుకొండలో ఒక ఉపాధ్యాయుని ఇల్లాలు భుజం నొప్పితో నా వద్దకు వచ్చింది. నొప్పి ఎప్పుడు హెచ్చుతుందని అడిగితే, భర్తగారి వంతు వచ్చిన నెలలో అని చెప్పింది. పదిమంది స్నేహితులకు పదికిలోల కారప్పొడులు దంచి, జల్లించి, పొట్లాలు కట్టింది ఆమె. ప్రశంసల ఉత్తరాలు వచ్చినవి ఆయనకు. నేను ఆమెకు మహానారాయణ తైలం ఇచ్చాను; ఆయనకు రోకలి ఇచ్చాను. అతిశయోక్తి కాదు, ఆ ఇంట ఇప్పుడు దంచే పని ఆయనదే. ఒక ఇంటివారు పదిమందికి పంపడం కంటె, ఇంటికి ఇంటికి జత కట్టి, రెండు నెలలకొకసారి ఒక్క పొట్లం మార్చుకోవడం మేలు. తినేవారి ఆరోగ్యం తెలుసుకోవడం కూడా అప్పుడే సాధ్యం.

అమ్మకం మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. బాగున్నవని ఎవరో డబ్బిస్తామంటారు; నెమ్మదిగా స్నేహం వ్యాపారమవుతుంది. వ్యాపారం చేయడం తప్పు కాదు. కాని 2006 ఆహార భద్రతా చట్టం ప్రకారం, ఇంట్లో చేసి అమ్మేవారు కూడా నమోదు చేయించుకోవాలి. అట్లా చేయనివారు పుచ్చుకొనుటలోను, ఇచ్చుటలోను డబ్బును రానీయకండి. తపాలా ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలి.

ప్రతి పొట్లంలోను ఒక చీటీ ఉండాలని నేను పట్టుబడతాను. అందులో పదార్థం పేరు, చేసిన తేదీ, వేసిన దినుసులు, వండే విధానం, ఎవరు తినరాదో వ్రాయాలి. ఆరికలు దంచడం, వండడం తెలిసిన ముసలమ్మలు మన ఇళ్ళలో తగ్గిపోతున్నారు. ఈ చీటీల రూపంలోనైనా ఆ విద్య కొంత మిగులుతుంది. పెనుకొండలోని ఆ ఇంటివారు ఇటీవల పంపిన చీటీ నాకు నచ్చింది. వారి అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను:

"ఆరికల బియ్యం అరకిలో. పోయిన కోతవి. మొన్న ఆదివారం దంచి, చెరిగి, ఏరినాము. మూడుసార్లు కడిగి రెండు గంటలు నానబెట్టండి. గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు. దించినాక పది నిమిషాలు మూత తీయొద్దండి. మజ్జిగ పోసుకొని తింటే బాగుంటుంది. మలబద్ధకం ఉన్నవాళ్ళు నెయ్యి వేసుకోవాల. రెండు నెలల లోపల అయిపోవాల. వదినకు మోకాళ్ళ నొప్పులని రాసినారు. ఆమె ఏ మాత్రలు వాడుతున్నారో, పులుపు తింటే నొప్పి ఎక్కువవుతుందేమో కనుక్కొని రాయండి. అది తెలిసినాక వచ్చేసారి ఏం పంపించాలో చూస్తాము."